కట్టుడు బుద్ధి

గోదారి మీద మంచు ఇంకా లేవకముందే జీవరాజు కొట్టు తలుపులు తీసేవాడు. ముందు బీరువాని పొడిగుడ్డతో తుడిచేవాడు. లోపల గాజు వాల్వులు వేడెక్కకుండా చుట్టూ పేర్చిన మట్టికూజాల్లో పాతనీళ్ళు పారబోసి, రేవులోంచి కొత్తనీళ్ళు తెచ్చి నింపేవాడు. స్విచ్చి వేసి, స్పీకరు దగ్గర మొహం పెట్టి, "లేచావా?" అనేవాడు.

"ఆయ్," అనేది బీరువా.

"రాత్రి వాన బాగా పడింది కదా?"

"ఆయ్."

"ఇవాళ లోవలక్ష్మి వస్తుందంటావా?"

"ఆయ్ అండి."

అంతే. ఆ రోజంతా జీవరాజుకి ఎండలో నడిచినా వెన్నెల్లో నడిచినట్టే ఉండేది.

బీరువా మాట్లాడుతోందని గువ్వలరేవులో ఎవరూ నోరు తెరుచుకుని చూడలేదు. మిల్లు కూస్తోంది, రేడియో పాడుతోంది, బీరువా మాట్లాడుతోంది. దాందేముంది. సంతకెళ్ళే ఆడవాళ్ళు కొట్టు ముందు ఆగి, పిల్లాడికి జ్వరం తగ్గుతుందా, గేదె ఈ వారంలో ఈనుతుందా అని అడిగేవారు. "ఆయ్" అనిపించుకుని, ఓ హస్తం అరటిపళ్ళు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవారు.

జీవరాజు హైదరాబాదులో ఓ రేడియోల కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. అక్కడో ఇంగ్లీషు పుస్తకంలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న రెండు మాటలు చదివి, వాటిని ప్రేమలేఖలా గుండెల్లో దాచుకుని ఊరికొచ్చాడు. టీకొట్టు దగ్గర ఆ మాటల అర్థం విడమరిచి చెబుతుంటే సత్తిబాబు అనే కుర్రాడు, "అంటే కట్టుడు పళ్ళలాగా కట్టుడు బుద్ధి అన్నమాట!" అన్నాడు. అందరూ నవ్వారు. పేరు ఉండిపోయింది. బోర్డు మీద "జీవా బుద్ధియంత్రాల కంపెనీ" అని రాయించినా, ఎవరడిగినా కట్టుడు బుద్ధి కొట్టు అనే చెప్పేవారు. అతన్ని మిషనుగారు అనేవారు.

నిజానికిది అతని మూడో కంపెనీ. మొదటిది పులిమేకలాట ఆడే పెట్టె. తీర్థంలో దాని చేతిలో వరసగా ఓడిపోయిన ఒక మోతుబరి, చెరకు గానుగలోంచి ఇనపకడ్డీ పీక్కొచ్చి పెట్టెని, అడ్డమొచ్చిన జీవరాజుని కలిపి కొట్టాడు. రెండోది ఏ పుంజు గెలుస్తుందో చెప్పే మిషను. ఓడినవాళ్ళు దాన్ని గడ్డివామి మీదకెక్కించి నిప్పు పెట్టారు. ఆర్పబోయిన జీవరాజుకి ఎడం కనుబొమ్మ మళ్ళీ మొలవలేదు. అయినా అతను కొత్త బోర్డుకి రంగు కలుపుకుంటూనే ఉన్నాడు. కొందరంతే, కలలు కాలితే వాళ్ళ కళ్ళు ఇంకా మెరుస్తాయి.

ఈ మూడోదానికి అరటికాయల షావుకారు పెద్దిరాజుగారు పెట్టుబడి పెట్టారు. గెలలు మాగేసే పాతకొట్టు ఖాళీ చేసి ఇచ్చారు. రాజమండ్రి బట్టల షాపుల్లో, డాక్టర్ల ఇళ్ళల్లో తలో బీరువా పెడితే వచ్చినవాళ్ళని అదే పలకరిస్తుంది, అదే కూర్చోబెడుతుంది. ఇదీ జీవరాజు ఆలోచన.

పలకరించాలంటే ముందు మాటలు రావాలి కదా. అందుకని జీవరాజు బుల్లియ్య పడవకి మైకు కట్టాడు. బుల్లియ్య గువ్వలరేవు నించి గువ్వలలంకకి పడవ వేసేవాడు. వానాకాలం మొదలు ఎండాకాలం దాకా టేపు రీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. పడవెక్కిన ప్రతివాళ్ళ మాటా బీరువాలోకి చేరింది. ఏ మాట ఎవరు ఎక్కువగా అంటే ఆ మాట వాళ్ళ గొంతుతోనే దాన్లో ఉండిపోయింది. "కాస్త జరగండి" అంటే బడిపంతులు గొంతు. "చంటోడు జాగర్త" అంటే ఉప్పుచేపల సంపూర్ణమ్మ గొంతు. ఇక "ఆయ్" అంటే అచ్చంగా బుల్లియ్యే.

మన వైపు ఆయ్ సంగతి చెప్పక్కర్లేదు. అవును అన్నా ఆయే, సరేనన్నా ఆయే, చెప్పండి వింటున్నాను అన్నా ఆయే. బుల్లియ్యది ఎక్కువగా ఆ మూడోది. నడిగోదాట్లో ఎవరో అత్తగారి ఆరళ్ళు చెప్పుకుంటుంటే, చూపు సుడి మీద, చెయ్యి గడ మీద పెట్టి, "ఆయ్... ఆయ్..." అంటూ ఒడ్డుకి చేర్చేసేవాడు.

ఇంకో సంగతి. ఆ పడవ మీద ఎవరూ ఎవరి మొహం మీదా కాదు అనలేదు. "చూద్దాం లెండి" అన్నారు, "తమరు చెప్పాక ఇంకేముందండి" అన్నారు, అంతేగానీ కాదు అని తెగ్గొట్టినవాడు లేడు. అందుచేత బీరువాకి ఆ మాట రాలేదు. రాలేదన్న సంగతి జీవరాజుకీ తట్టలేదు.

లోవలక్ష్మి బుల్లియ్య చెల్లెలు. అరటాకులు కోసి కట్టలు కట్టి అమ్మేది. ఆకుపసరు అంటి ఆ పిల్ల వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి, జీవరాజుకి అవి గోరింటాకుకన్నా అందంగా కనపడేవి. ఒకరోజు కట్ట దించి, బీరువా మాట విని పకపకా నవ్వింది.

"అచ్చం మా అన్నయ్యేనండీ! మేం చెప్పింది చెవినెక్కించుకోడు, ఊరికే ఆయ్ అంటాడు. మీ బీరువా కూడా అంతేనా ఏంటి మిషనుగారండీ?"

జీవరాజు అప్పుడు ఆ పిల్ల చెవి లోలాకు ఊగడం చూస్తున్నాడు.

"ఆయ్," అన్నాడు.

ఆ ఏడు వరద తీశాక రేవుకి ఎదురుగా కొత్త మేట లేచింది. ఒండ్రుమట్టి, నల్లగా వెన్నలా ఉంది. వరద తీసిన నేలకి గట్లుండవు, ఎవరు ముందు గెడ పాతితే వాళ్ళదే. పెద్దిరాజుగారి తమ్ముడు చినబాబు రాత్రికి రాత్రి వెదురుగెడలు పాతించేశాడు. అందులో ఒకటి సరిగ్గా పడవ ఆగేచోట పడింది. తెల్లారి బుల్లియ్య ఆ ఒక్కటీ పీకి పక్కన పెట్టాడు. చినబాబు పడవ నిండా జనం ఉండగా చెప్పు తీసి బుల్లియ్య చెంప మీద కొట్టాడు.

"ఇంకోసారి ముట్టుకుంటే చెయ్యి ఉండదు. అర్థమైందా?"

"ఆయ్," అన్నాడు బుల్లియ్య, పెదవి మీద నెత్తురు తుడుచుకుని గడ అందుకుంటూ.

ఆ మర్నాడు చినబాబు మేట మీద వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ సగం తెగి తల పక్కకి వాలింది. తెగినచోట ఇసక నెత్తురుతో తడిసి గట్టిపడింది. తెరుచుకున్న నోట్లోంచి చిన్న చిన్న ఎండ్రకాయలు బయటికీ లోపలికీ తిరుగుతున్నాయి. ఎవరు నరికారో చూసినవాడు లేడు. ఇప్పటికీ తెలీదు.

పెద్దిరాజుగారు తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, లేచి, ఆ నెత్తుటి పంచెతోనే బీరువా దగ్గరికొచ్చారు. చేతిలో గెలలు కోసే కత్తి. వెనక పాలేళ్ళు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చారు.

"మా చినబాబుని చంపింది పడవ బుల్లియ్యేనా?"

బీరువాలో వాల్వులు ఎర్రగా వెలిగాయి.

"ఆయ్," అంది, బుల్లియ్య గొంతుతో.

"విన్నారా! వాడి గొంతుతో వాడే ఒప్పుకున్నాడు," అన్నారు పెద్దిరాజుగారు. అప్పుడు జీవరాజు వైపు తిరిగారు. "ఏంటి జీవరాజూ, నీ మిషను అబద్ధం ఆడదు కదా?"

కాదండి, అది అవునని కాదండి, వింటున్నానని అంతేనండి. మాట గొంతు దాకా వచ్చింది. నిలబడ్డ కొట్టు ఆయనది, తీగలు ఆయనవి, వాల్వులు ఆయనవి. ఆ కత్తి కూడా ఆయనదే.

"ఆయ్ అండి," అన్నాడు జీవరాజు.

అని, వాళ్ళు గుమ్మం దాటగానే రేవుకి అడ్డదారిన పరిగెత్తాడు. అరటితోటల్లోంచి ఆకులు మొహానికి కొట్టుకుంటుంటే పరిగెత్తాడు. అతను చేరేసరికి పడవ అప్పుడే ఒడ్డుకి ఆనింది. బుల్లియ్య ఓ ముసలమ్మకి చెయ్యందించి దింపుతున్నాడు.

"ఒరే బుల్లియ్యా!" అని కేక వినపడింది.

"ఆయ్!" అని తల తిప్పాడు.

అదే వాడి ఆఖరి మాట. మొదటి వేటు ముసలమ్మకి అందించిన చేతి మీదే పడింది. ఆ చెయ్యి ఆవిడ చేతిలో ఉండిపోయింది. రెండో వేటు భుజం మీద, మూడోది మెడ మీద. పడవలోని జనం నీళ్ళలోకి దూకారు. బుల్లియ్య గడని పట్టుకుని కిందికి జారాడు, వాడి బరువుకి పడవ ఓ పక్కకి ఒరిగింది, నెత్తురు పలకల సందుల్లోంచి గోదాట్లోకి దిగింది. జీవరాజు మోకాటిలోతు నీళ్ళలో నిలబడిపోయాడు. ఎర్రటి నీళ్ళు అతని పంచెని అంటుకుని నెమ్మదిగా పైకి పాకాయి.

అక్కణ్ణించి ఊరు ఊరు కాకుండా పోయింది. బుల్లియ్యని తమవాడనుకున్న లంకవాళ్ళు తెప్పల మీద దాటొచ్చి, పెద్దిరాజుగారి అరటితోటలోకి దిగి చెట్టుకో వేటు వేసి మొత్తం తోట మెడలు నరికేశారు. కాపలావాణ్ణి బల్లెంతో నేలకి గుచ్చారు. ఇటువాళ్ళు వెళ్ళి లంకలో పాకలు తగలెట్టి, పారిపోతున్న వాళ్ళ మడమలు కోశారు. టీకొట్టు సత్తిబాబుకి కుడిచెయ్యి పోయింది. వాడు ఏ పక్షమూ కాదు, టీ గ్లాసు పట్టుకుని దారిలో ఉన్నాడంతే.

దారుణం ఏంటంటే, ఎవరూ అడక్కుండా ఎవర్నీ నరకలేదు. ముందు బీరువా దగ్గరికి వచ్చేవారు. గుమ్మంలో ఇరుపక్షాల చెప్పులూ పక్కపక్కనే ఉండేవి. ఒక చేతిలో బల్లెం పెట్టుకుని, "ముందు మీరు కానివ్వండి," అనేవారు. "అబ్బే, తమరే ముందొచ్చారండి," అనేవారు అవతలివాళ్ళు. లోపలికెళ్ళి పేరు చెప్పి అడిగేవారు. బుల్లియ్య గొంతు "ఆయ్" అనేది. చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు.

జీవరాజు స్విచ్చి తీసేశాడు. వాళ్ళు అతని చూపుడువేలు వెనక్కి విరిచి, మళ్ళీ వేశారు. ఇది అవునని చెప్పడం కాదు బాబూ అని మొత్తుకున్నాడు. "మరి ఆ రోజు చెప్పలేదేం?" అని మొహాన ఉమ్మేశారు. జనం లేనప్పుడు బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "కాదు. అను. కాదు," అని నేర్పబోయాడు.

"ఆయ్," అంది బీరువా శ్రద్ధగా.

అప్పచెప్పించిన మాట దానికి అంటలేదు. పడవ మీదలాగా ఎవరైనా తమ కష్టంలో, తమ సంతోషంలో అన్న మాటలే దానికి అంటాయి.

బుల్లియ్య కర్మ అయ్యాక వాళ్ళమ్మ తలుపులమ్మ మిట్టమధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వచ్చింది. వెనక లోవలక్ష్మి. జీవరాజు లేచి నిలబడ్డాడు. లోవలక్ష్మి అతన్ని చూడలేదు, అతని వెనకున్న గోడని చూసింది. తలుపులమ్మ బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏరా అయ్యా. అన్నం తిన్నావా?"

"ఆయ్."

ముసలిది కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసింది.

"చలేస్తందా అక్కడ?"

"ఆయ్."

"దుప్పటి తెస్తాలే. నీ పడవ ఒడ్డునే ఉందిరా. మీ చెల్లి కడిగింది. పలకల్లో మరకలు పోలేదు." ముందుకి వంగి, స్పీకరు గుడ్డ మీద చెయ్యి వేసి, లోకం వినకుండా అడిగినట్టు అడిగింది. "ఆ చినబాబుని... నువ్వేనేంట్రా?"

"ఆయ్."

"కాదు," అంది తలుపులమ్మ.

"ఆయ్."

"కాదురా! నువ్వు కాదు. కోడిపిల్లని కోయాలంటే పక్కింటోణ్ణి పిలిచేవోడివి. నువ్వు కాదు. ఎందుకు ఒప్పుకుంటావురా ఎవడేదడిగితే అది? కాదను. కాదు, కాదు, నువ్వు కాదు..."

బీరువా చెక్కకి నుదురు ఆనించి ఆ మాటే అంటూ కూర్చుంది. పొద్దు వాలేదాకా. మర్నాడూ వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. అన్నం తిన్నావా అనేది, చివరికి కాదులోకి వచ్చేది. జీవరాజు కూజాల్లో నీళ్ళు మారుస్తూ పిల్లిలా తిరిగేవాడు. ఒకసారి నోరు పెగల్చుకుని, "పిన్నిగారండీ, నన్ను..." అన్నాడు. ఆవిడ, "నేను మావోడితో మాట్లాడుతున్నాను బాబూ," అంది.

ఇంతలో జీవరాజు మీదకే వచ్చింది. ఆయ్ అంటే అవునని కాదని అతను ఊరంతా తిరిగి చెప్పడం పెద్దిరాజుగారి చెవిన పడింది. ఆయన మనుషులతో వచ్చారు. విషయం తెలిసి లంకవాళ్ళూ వచ్చారు. కొట్టు నిండిపోయి జనం వీధిలో నిలబడ్డారు. తలుపులమ్మ లేవలేదు, బీరువా పక్కనే ఉంది.

జీవరాజుని జుట్టు పట్టి బీరువా ముందుకి ఈడ్చారు. మోకాలి చిప్ప మీద కర్రతో కొడితే కూలబడ్డాడు. పెద్దిరాజుగారు కత్తి అతని మెడ వెనక ఆనించారు. కత్తి చల్లగా ఉంది, అరటిజిగురు వాసన వేసింది.

"ఆ రోజు అబద్ధం ఆడదన్నావు. ఇవాళ అది ఒప్పుకోలు కాదంటున్నావు. బుల్లియ్యని నా చేత చంపించడానికే కదరా ఇదంతా? సరే. దాన్నే అడుగుదాం." గొంతు పెంచారు. "మా చినబాబుని నరికి, ఆ నేరం బుల్లియ్య మీదకి తోసింది ఈ జీవరాజేనా?"

జీవరాజు కళ్ళు మూసుకున్నాడు. ఏ మాట వస్తుందో అతనికి తెలుసు, తయారుచేసినవాడు కదా. పంతులు గొంతు, సంపూర్ణమ్మ గొంతు, లోవలక్ష్మి నవ్వు అన్నీ ఒక్కసారి చెవుల్లో తిరిగాయి. కత్తి మెడ మీదనించి లేవడం తెలిసింది.

బీరువా వెంటనే పలకలేదు. వాల్వులు వెలిగి, తగ్గి, మళ్ళీ వెలిగాయి. కూజాల్లో నీళ్ళు సన్నగా మరిగిన చప్పుడు.

"కాదు," అంది.

అది తలుపులమ్మ గొంతు. జనం ముసలిదాని వైపు చూశారు. ఆవిడ పెదవులు కదల్లేదు.

"కాదంటదా ఇది?" అన్నారు పెద్దిరాజుగారు. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది. "కాదనడం వచ్చా దీనికి? మరి నేనడిగిన రోజున అనలేదేం?"

జనం వెనకనించి లోవలక్ష్మి ఆకుల కట్ట కిందపెట్టి ముందుకొచ్చింది.

"ఆ రోజుకి దానికా మాట రాదండి. మా అమ్మ నేర్పింది," అంది.

పెద్దిరాజుగారు ఆ పిల్లని చూశారు, ముసలిదాన్ని చూశారు, బీరువాని చూశారు. ఆయన మొహంలో ఏదో గోదారి ఒడ్డు కోతపడ్డట్టు లోపల్నించి జారిపోయింది. మళ్ళీ అడిగారు. ఈసారి గొంతు పెంచలేదు.

"మా తమ్ముణ్ణి చంపింది... బుల్లియ్యేనా?"

"కాదు," అంది బీరువా. "నువ్వు కాదురా. నువ్వు కాదు. కోడిపిల్లని కోయాలంటే..."

కత్తి దిగింది. జీవరాజు మెడ మీద కాదు. పెద్దిరాజుగారు ఒక్క అరుపు అరిచి బీరువా మీద పడ్డారు. తలుపు చీలిపోయింది. కూజాలు పగిలి నీళ్ళు కాళ్ళ కిందకి వచ్చాయి. వాల్వులు పేలుతున్నాయి, గాజుపెంకులు ఆయన చేతుల్లోకి, మొహంలోకి గుచ్చుకుంటున్నాయి, ఆయన ఆగలేదు. ఒక్కో వేటుకి ఒక్కో మాట బయటపడింది. కాస్త జరగండి. చంటోడు జాగర్త. ఒడ్డొచ్చేసిందా. మా అమ్మాయికి మొగపిల్లాడండి. ఆయ్. ఈసారి పంట బావుంటుందంటారా. ఆయ్, ఆయ్. తలుపులమ్మ, "వద్దు బాబూ, మావోడున్నాడు అందులో!" అని రెండు చేతులూ అడ్డంపెట్టబోతే, జీవరాజు చిట్లిన మోకాలితోనే ఈడ్చుకుంటూ పోయి ఆవిడ మీద బోర్లా పడ్డాడు. వేటొకటి అతని వీపు మీద దారి చేసుకుంటూ పోయింది.

చివరికి స్పీకరు ఒక్కటే మిగిలింది. అది చాలాసేపటికి, దూరంగా పడవలోంచి పలికినట్టు, "ఆయ్" అని ఆగిపోయింది.

పెద్దిరాజుగారు గాజుముక్కల్లో కూర్చుండిపోయారు. రెండు చేతులా నెత్తురు కారుతోంది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. ఆ చెప్పులు కలిసిపోయి లంకవాళ్ళవి ఇటువాళ్ళు, ఇటువాళ్ళవి లంకవాళ్ళు తొడుక్కుపోయారు. ఎవరూ మార్చుకోడానికి తర్వాత కూడా రాలేదు, నరుక్కోడానికీ రాలేదు. మర్నాడు పెద్దిరాజుగారు ఒంటరిగా స్టేషనుకి నడిచెళ్ళారు. పడవ బుల్లియ్యని చంపింది నువ్వేనా అని అడిగితే, "ఆయ్," అన్నారట. అది ఏ ఆయో ఎవరూ అడగలేదు.

జీవరాజు వీపు మీద గాయం మానేసరికి మళ్ళీ వరదొచ్చి, మేటని తీసుకుపోయింది. ఇప్పుడు అక్కడ నీళ్ళే. మూడు బోర్డులూ అతను పొయ్యిలో పెట్టుకున్నాడు. ఒకరోజు కుంటుకుంటూ రేవుకెళ్ళాడు. బుల్లియ్య పడవ ఒడ్డున కట్టేసి ఉంది. పడవ కొయ్యకి బీరువాలో మిగిలిన ఆ స్పీకరు, ఎండ తగలకుండా దుప్పటి చుట్టి వేలాడదీసి ఉంది. అది మాట్లాడదు. లోవలక్ష్మి పడవలో నీళ్ళు తోడుతోంది. తలుపులమ్మ గడ పట్టుకుని నిలబడి అతను రావడం చూసింది. అవతల ఒడ్డున జనం ఎదురుచూస్తున్నారు. ఏడాదిగా పడవ లేదు.

"ఒరేయ్," అంది. ఎప్పుడూ బాబూ అనేదే. "నీ మోకాలు గడ వేస్తే ఓరుస్తుందా?"

"ఆయ్," అన్నాడు జీవరాజు.

తలుపులమ్మ గడ ఇవ్వలేదు. లోవలక్ష్మి నీళ్ళు తోడడం ఆపి, ఇన్నాళ్ళకి మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ఏ ఆయ్?" అంది.

జీవరాజు గోదారి వైపు చూశాడు, గడ మీద ఆ ముసలి చేతులు చూశాడు.

"ఓరుస్తుందండి. వేస్తానండి," అన్నాడు.

తలుపులమ్మ గడ అందించి, చంటిపిల్లాణ్ణి సర్దినట్టు స్పీకరు మీద దుప్పటి సర్ది, పడవెక్కి కూర్చుంది.